ఎక్కువ వోల్టేజి బ్యాటరీకి తొందర తగదు

చైనా బజారులో లిథియం కార్బొనేట్ ధర 2022 నవంబరులో టన్నుకు 6 లక్షల యువాన్ల దరిదాపులకు ఎగబాకి, 2023 ముగిసేసరికి లక్ష స్థాయికి జారిపోయింది. 2025 మధ్యలో 60 వేల వద్ద అడుగు చూసి, అటుపిమ్మట తిరిగి పుంజుకున్నది. ఈ హెచ్చుతగ్గులను చూపి, ధర మళ్లీ ఎక్కకముందే కొనండని అమ్మకందార్లు తొందరపెట్టడమూ, ఇంకా తగ్గుతుందేమోనని గృహస్థులు వేచి వుండడమూ సౌర బ్యాటరీల వ్యాపారంలో మామూలైపోయింది. లెక్క వేస్తే రెండు వాదనలూ నిలవవు. ఇళ్లలో పెట్టే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఒక యూనిట్ కరెంటు నిలవకు పట్టే కార్బొనేట్ సుమారు 600 గ్రాములు. పది యూనిట్ల బ్యాటరీకి 6 కిలోలు. యువాన్‌ను 12 రూపాయలుగా తీసుకుంటే, 2022 నాటి గరిష్ఠ ధరలో దాని విలువ రూ.43 వేలు, 60 వేల యువాన్ల ధరలో రూ.4,300. అక్కడినుంచి ధర రెండింతలైనా పెరిగే భారం మరో నాలుగు వేలు. దీనికంటె ఇక్కడి 18 శాతం జీఎస్టీయే బరువు. బ్యాటరీల ఎగుమతిపై ఇచ్చే పన్ను వాపసును చైనా 2024 డిసెంబరులో 13 శాతం నుంచి 9 శాతానికి కుదించడం కూడా దిగుమతిదార్లు మరచిపోలేదు.

గృహస్థు సొమ్ము నిజంగా చిక్కుకునే చోటు వేరే వున్నది. అది వోల్టేజి ఎంపిక.

ఇంటి బ్యాటరీలు ఇప్పుడు రెండు తరహాలుగా వస్తున్నాయి. 3.2 వోల్టుల సెల్స్ 16 వరుసగా కలిపి 51.2 వోల్టులు ఇచ్చేది ఒక తరహా. ఒకదానిపై ఒకటి దొంతరగా పేర్చే మాడ్యూళ్లతో 200 మొదలు 500 వోల్టుల దాకా ఇచ్చేది రెండవది. ఉదాహరణకు బి.వై.డి. వారి హెచ్.వి.ఎస్. రకంలో ఒక్కొక్క మాడ్యూల్ 102.4 వోల్టులు, 2.56 యూనిట్లు, రెండు నుంచి ఐదు వరకు పేర్చవచ్చు. 5 కిలోవాట్లు తీయాలంటే 51.2 వోల్టుల బ్యాటరీ నుంచి 98 ఆంపియర్లు పారవలె. 400 వోల్టుల వద్ద పన్నెండున్నర ఆంపియర్లతో సరి. తీగలో పోయే నష్టం కరెంటు వర్గాన్ని అనుసరించేది గనుక ఎక్కువ వోల్టేజికి సన్న తీగ చాలుతుంది, ఇన్వర్టర్ లోపల వోల్టేజి పెంచే శ్రమా తగ్గుతుంది. ఈ గుణాలు నిజమైనవే. మూడు ఫేజుల కనెక్షను, 8, 10 కిలోవాట్ల ప్యానెళ్లు, రెండు మూడు ఏసీలు, మోటారు, కారు చార్జింగు వున్న ఇంటికి హై వోల్టేజి సరుకే తగినది.

మన పట్టణాల్లోని మధ్యతరగతి ఇల్లు అటువంటిది కాదు. సింగిల్ ఫేజు, 3 కిలోవాట్ల ప్యానెళ్లు, వేసవిలో ఒక ఏసీ. ఆ పూర్తి 3 కిలోవాట్లూ 51.2 వోల్టుల బ్యాటరీ నుంచి తీసినా పారేది 59 ఆంపియర్లు. పోనురాను నాలుగు మీటర్ల 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే అందులో నష్టపోయేది సుమారు 10 వాట్లు, అంటే ఒక ఎల్‌ఈడీ బల్బు. వోల్టేజి పెంచడంలో ఇన్వర్టర్ తినేది మరి కొద్ది శాతం. ఈపాటి ఆదా కోసం ఖరీదైన ఇన్వర్టర్‌కు కట్టుబడవలసిన అవసరం కనబడదు.

"ఇప్పుడు రెండు పెట్టుకోండి, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఇంకొకటి చేర్చుకోవచ్చు" అన్నది దొంతర బ్యాటరీలకు ఎక్కువ గిరాకీ తెచ్చిపెడుతున్న మాట. చిక్కంతా ఇందులోనే వున్నది. దొంతరలోని మాడ్యూళ్లు వరుసలో కలిసి వుంటాయి. అన్నిటిలోనూ అదే కరెంటు పారుతుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో నీరసించినదాని నడకే బండి నడక అయినట్లు, నాలుగేళ్లు పనిచేసి శక్తి తగ్గిన మాడ్యూల్ ఖాళీ కాగానే కొత్త మాడ్యూల్‌లో సరుకు మిగిలి వున్నా దొంతర మొత్తం ఆగిపోతుంది. పైగా చేర్చేముందు పాతదీ కొత్తదీ ఒకే చార్జి స్థాయికి తేవాలి. నాలుగేళ్ల తరువాత అదే మోడల్ దొరకడం మరొక సందేహం. ఈ ఇబ్బందిని తప్పించడానికే హువావే లూనా 2000 వంటి రకాల్లో ఒక్కొక్క మాడ్యూల్‌కు వేరుగా నియంత్రణ పరికరం అమర్చారు. అట్టివాటిలో పాత కొత్తల కలయిక కుదురుతుంది. అది లేని దొంతరలో "తరువాత చేర్చవచ్చు" అన్న మాటకు రాతపూర్వకమైన హామీ వుంటేనే విలువ.

ఇంకొక సంగతి. 51.2 వోల్టుల బ్యాటరీలను పక్కపక్కన సమాంతరంగా కలుపుతారు. రెంటిలో ఒకటి చెడితే రెండవది ఫ్యాను తిప్పుతుంది. వరుస దొంతరలో ఒక్క మాడ్యూల్ మొరాయించినా, దాన్ని తీసి తిరిగి అమర్చేదాకా ఇల్లంతా చీకటే. కరెంటు పోయినప్పుడు ఆదుకోవాలని కొన్న వస్తువుకు ఇది చిన్న లోపం కాదు. దీనికి తోడు 400 వోల్టుల డీసీ ప్రాణాంతకం. దాని మెరుపు ఏసీలో వలె దానంతట అది ఆరదు. ట్యూబులర్ బ్యాటరీలలో డిస్టిల్డ్ వాటర్ పోసే వీధి ఎలక్ట్రీషియన్‌ను దీనిమీద చేయి వేయనివ్వరాదు.

అసలు ఈ దొంతరలకు మంచి గిరాకీ వున్న దేశాల లెక్క వేరు. జర్మనీలో ఇళ్లకు మూడు ఫేజులు సర్వసాధారణం. అక్కడ మిద్దె మీది కరెంటును గ్రిడ్డుకు అమ్మితే యూనిట్‌కు వచ్చేది దాదాపు 8 సెంట్లు, కొంటే అయ్యేది 30 సెంట్లకు పైన. మిగిలినది దాచుకోవడంలో లాభం కళ్లకు కనబడుతుంది. ఆంధ్ర, తెలంగాణలలో నెట్ మీటరు వున్న గృహస్థుకు గ్రిడ్డే గాదె. పగలు పోసింది రాత్రి తీసుకోవచ్చు. పది యూనిట్ల బ్యాటరీకి ఎవరైనా రూ.2,40,000 చెప్పారనుకుందాం. నష్టాలు పోను రోజుకు 8 యూనిట్లు, ఏడాదికి 300 రోజులు, పదేళ్లు వాడితే 24 వేల యూనిట్లు. యూనిట్ దాచినందుకే పది రూపాయలు పడ్డాయి. బిల్లు తగ్గించుకోవడానికి ఇది బేరం కాదు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు వచ్చే రూ.78 వేల సహాయధనం కూడా ప్యానెళ్ల లెక్కనే; బ్యాటరీకి వేరుగా లేదు.

కనుక నెట్ మీటరు వున్న ఇంట్లో బ్యాటరీ కొనేది కరెంటు కోతకే. గ్రిడ్డు పోతే మామూలు సౌర ఇన్వర్టర్ మిట్టమధ్యాహ్నం కూడా ఆగిపోతుందన్న సంగతి చాలామందికి మొదటి కోత నాడుగాని తెలియదు. ఫ్రిజ్జు, నాలుగు ఫ్యాన్లు, దీపాలు ఒక రాత్రి నడవడానికి 4 యూనిట్లు చాలు. ఒక్క 5 యూనిట్ల 51.2 వోల్టుల పెట్టెతో, బ్యాకప్ వున్న హైబ్రిడ్ ఇన్వర్టర్‌తో ఈ పని నెరవేరుతుంది. ఇల్లు పెరిగితే రెండవ పెట్టె పక్కన చేరుతుంది. అదీ అదే కంపెనీది అయితే మేలు.

హై వోల్టేజియే కావాలనుకునేవారు కావలసిన మాడ్యూళ్లన్నీ ఒకేసారి కొనడం క్షేమం. రెండు మాడ్యూళ్లతో సరిపెట్టుకుంటే, బ్యాటరీ ఖాళీ అయ్యే దశలో వోల్టేజి ఇన్వర్టర్ కనీస పరిమితికి దిగువకు పోతుందేమో చూసుకోవలె. ఇన్వర్టర్ కంపెనీ ప్రకటించిన జాబితాలో ఆ బ్యాటరీ పేరు వుండాలి. ఐ.ఇ.సి. 62619 పరీక్ష పత్రం అడగాలి. రేకుల షెడ్డు కింద, ఎండ తగిలే గోడకు పెట్టరాదు. 45 డిగ్రీల వేసవిలో ఆయుష్షు కరిగిపోతుంది. వారంటీలో పదేళ్లకు మిగిలే సామర్థ్యం 60 శాతమా, 70 శాతమా అన్నదీ, విడి మాడ్యూల్ ధరా, ఎన్నేళ్లదాకా సరఫరా చేస్తారన్నదీ కొటేషన్ కాగితం మీదనే రాయించుకుని, ఆ తరువాతే అడ్వాన్సు ఇవ్వవలె.