రాయితీ ప్రజలది, ప్రయోగశాల ఎవరిది?

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో దిమ్మలు మోసే కూలీ కొనే సబ్బుపైనా పన్ను ఉంది. చిప్ కంపెనీల పరిశోధన వ్యయంపై పన్ను మినహాయింపు పెంచాలన్న కోరికను నేను అక్కడి నుంచే చూస్తాను. ఒకప్పుడు 200 శాతంగా ఉన్న ఆ మినహాయింపు 2017 ఏప్రిల్‌లో 150కి, 2020 ఏప్రిల్‌లో 100కి తగ్గింది. పెంచితే నాకు అభ్యంతరం లేదు; అయితే వదులుకున్న పన్ను కూడా ప్రజాధనమే. చిప్ పరిశ్రమకు 2021లో ప్రకటించిన రూ.76,000 కోట్లూ అంతే. రాజ్యాంగం 16(4) అధికరణ మాత్రం ప్రభుత్వ కొలువుల వద్దే ఆగిపోయింది. అచ్యుతాపురం సెజ్‌కు భూములు వదిలిన పల్లెల దళిత, బీసీ బిడ్డలు కాంట్రాక్టు కూలికి పనికొచ్చి, రేపటి చిప్ ప్రయోగశాలకు మాత్రం ‘ప్రతిభ’ చాలనివారవుతారా? 200 శాతం రోజుల్లోనూ కంపెనీలు తమ ప్రయోగశాలకు కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం ఆమోదం పొందవలసి వచ్చేది. ఆ దరఖాస్తులోనే పరిశోధకుల సామాజిక వర్గాల గడి ఒకటి చేర్చమంటున్నాను.