కడుపుపై నెపము వేసి ఊపిరితిత్తులను మరువరాదు

ఇటీవల మన రాజపాళయమున ఒక మాట మిక్కిలి చౌకయైపోయినది. అది ‘గ్యాసు’ అను మాట. రొమ్ము మండినను గ్యాసే, వీపు నొచ్చినను గ్యాసే, నడిరేయి దగ్గుతెర వచ్చి లేచి కూర్చుండినను గ్యాసే. ఇంటిలో తెలుగున ‘పులిత్రేన్పు’ అనియు, వీధిలో తమిళమున ‘పుళియేప్పం’ అనియు స్పష్టముగా చెప్పగల మనము, వైద్యుని యెదుట మాత్రము రెండు భాషలను విడిచి ఈ ఒక్క మాటతో సరిపుచ్చుచున్నాము. మందుల అంగడివాడు ఒక బిళ్ళ ఇచ్చును; మనము మ్రింగుదుము. ఏండ్లు గడచిపోవును. ఈలోపల ఊపిరితిత్తులు ఏమగుచున్నవో అడుగువారు లేరు. ఈ అలవాటును ఖండించుటకే నేనీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇది పరుల కథ కాదు. పొరుగూరి నూలుమిల్లు ఒకదానిలో కార్డింగు విభాగమున 26 ఏండ్లు పనిచేసితిని. సెలవు ముగిసి పనిలో ప్రవేశించిన తొలినాడు రొమ్ము బిగదీసికొనెడిది. వారము నడచినకొలది సడలెడిది. కొన్నియేండ్లకు ఏ దినమునను సడలుట మానినది. ఆ సంగతి చెప్పుకొనగా పై యధికారి యొకడు, “అది దూది కాదయ్యా, మీ యింటి చింతపండు పులుసు” అని నవ్వెను. నేనును నమ్మితిని. ఏలయనగా నాకు పులిత్రేన్పులు నిజముగనే యుండెను. తుదకు గొట్టములోనికి ఊదించి చూచు స్పైరోమెట్రీ పరీక్ష చేయగా, ఊపిరి బలము ఇంచుమించు సగమునకు దిగినదని తేలినది. నాకున్నవి రెండు రోగములు. ఒకదానిని చూపి రెండవదానిని కప్పిపుచ్చిరి; నేనును కప్పుకొంటిని.

కడుపునకును ఊపిరితిత్తులకును సంబంధమే లేదని నేననుట లేదు. సంబంధము గట్టిదే. అన్నవాహికయు శ్వాసనాళమును కంఠమున ప్రక్కప్రక్కనే యున్నవి. కడుపు మూతివద్దనున్న కండరపు బిగువు సడలినప్పుడు పులిరసము పైకి ఎగదన్నును. నిద్రలో మ్రింగుట తగ్గుటచేత ఆ రసపు తుంపరలు కొందరికి ఊపిరిత్రోవలో పడును. అంతదూరము రాకున్నను, అన్నవాహిక అడుగుభాగమును ఆ రసము మండించినంతనే నరముల మూలమున ఊపిరిగొట్టములు ముడుచుకొని దగ్గు పుట్టవచ్చును. కడుపు బరువెక్క తినినచో ఉబ్బసపు తెర రాగలదని విలియం ఆస్లరు 1892 నాటి తన వైద్యగ్రంథమునందే హెచ్చరించెను. న్యూయార్కు వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ 1946లో, ప్రసవవేళ మత్తుమందు పొందిన స్త్రీలకు కడుపులోని పదార్థము ఊపిరితిత్తులలోనికి పోవు ఆపదను వర్ణించి, ఆమ్లము వానినెట్లు గాయపరచునో కుందేళ్ళపై పరీక్షించి చూపెను. దీర్ఘకాలపు శ్వాసరోగులను పరిశీలించి 2010లో ప్రకటించిన ఎక్లిప్స్ అను పెద్ద అధ్యయనమున, పులిత్రేన్పుల రోగము గలవారికి శ్వాసరోగము మాటిమాటికి ముదురుచున్నట్లు కనబడినది.

ఈ బాధ ఎదురుదిశనుండియు నడచును. దగ్గిన ప్రతిసారియు పొట్టపై ఒత్తిడి పెరిగి రసము పైకి వచ్చును. గాలి వెలికిరాక రొమ్ము ఉబ్బియున్నవానికి ఉదరవితానము చదునై కడుపు మూతికి దన్ను తగ్గును. ఆయాసమునకిచ్చు థియోఫిలిన్ మందే ఆ మూతిని సడలింపగలదు. బీడీపొగ రెండిటికిని శత్రువు. కావున ఊపిరి వైద్యుడు కడుపును, కడుపు వైద్యుడు ఊపిరిని విచారింపక పంపివేయుట తగదు.

అయినను, ఈ సత్యమును తెచ్చి దూదిధూళికి రక్షణకవచముగా తొడుగువారిని క్షమింపరాదు. పులిరసము దగ్గును పెంచును. కాని అది దూది నలకను పుట్టింపదు. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700 నాడే అవిసెనార దువ్వువారి దగ్గును గూర్చి వ్రాసెను. లాంకషైరు మిల్లుల కార్డింగు పనివారిని 1950 దశకమున పరీక్షించిన రిచర్డ్ షిల్లింగు, వారపు తొలిదినమున రొమ్ము బిగియుటయే ఈ రోగపు గురుతని చూపి, దానినిబట్టి రోగమునకు మెట్లు ఏర్పరచెను. దూదితో వచ్చు సూక్ష్మజీవుల విషము ఇందుకు ముఖ్యకారణమని తరువాతి పరిశోధకులు చెప్పిరి. అమెరికా ప్రభుత్వము 1978లో మిల్లుగాలిలోని దూదిధూళికి పరిమితి విధించెను. మన దేశమునను బిస్సినోసిస్ అను ఈ దూదిరోగము పరిహారమునకు అర్హమైన వృత్తిరోగములలో చేరియున్నది. పులుసు మానుమని చెప్పినంతమాత్రమున ఈ బాధ్యత తీరునా? సోమవారమున మాత్రమే రొమ్ము బిగియుటకు, మా యింట పులుసు సోమవారమున మాత్రమే కాచుదుమా?

ఇక బిళ్ళనే నమ్ముకొన్నవారికొక మాట. ఆ బిళ్ళ రసములోని పులుపును తగ్గించును. రసము పైకెగయుటను ఆపదు. గుండెమంటయు పులిత్రేన్పులును గలవారికి వైద్యుడిచ్చినచో అది మేలైన మందే. కాని అది ఊపిరితిత్తుల మందు కాదు. పులిత్రేన్పులు అంతగా లేని 412 మంది ఉబ్బసరోగులకు 24 వారములు పరీక్ష జరిపి, ఈ జాతి మందువలన ఉబ్బసము తగ్గలేదని 2009లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. ఊపిరితిత్తులు కారణము తెలియక గట్టిపడు రోగమున ఈ మందును వాడవచ్చునని 2015లో సూచించిన అంతర్జాతీయ వైద్యసంఘములే, ఊపిరితిత్తుల మేలుకొరకని దీనిని ఇయ్యవలదని 2022లో మాట మార్చుకొనినవి. పెద్దలు తమ మాటను దిద్దుకొనుటకు సిగ్గుపడలేదు. మనము మాత్రము పదేండ్లనాటి చీటీని పట్టుకొని అంగడికి పోవుచున్నాము!

రెండు రోగములతోను బ్రదుకుట ఎట్లని అడుగుదురేమో. నేను బ్రదుకుచున్నాను. రాత్రి భోజనమునకును పడకకును మూడు గంటల ఎడము ఉంచుదును. మంచపు తలవైపు కాళ్ళక్రింద ఇటుకలు పెట్టి అరయడుగు ఎత్తు చేసికొంటిని. తలగడలు రెండు వేసికొన్నచో మెడ వంగునే కాని రొమ్ము లేవదు. చాపపై పరుండువారు వీపునుండి తలవరకు వాలుగా ఎత్తు కల్పించుకొనవలెను. ఎడమప్రక్కకు తిరిగి పరుండుట మేలు. రాత్రి షిఫ్టు ముగించి, తెల్లవారుజామున పరోటాలు తిని, వెంటనే వాలిపోవు అలవాటును మన పిల్లలు మానవలెను. నేను బీడీ మానితిని. పీల్చు మందు మానలేదు. థియోఫిలిన్ వాడువారు దానిని తమంత తాము నిలుపక, పులిత్రేన్పుల సంగతి చెప్పి వైద్యుని సలహా అడుగవలెను.

దగ్గు రెండు వారములు దాటినచో ముందుగా క్షయ ఉన్నదేమో కళ్ళె పరీక్ష చేయించుకొనుడు. ప్రభుత్వ వైద్యశాలలలో అది ఉచితము. కళ్ళెలో నెత్తురు కనబడినను, తినునది గొంతు దిగకున్నను, కారణము లేక చిక్కిపోవుచున్నను, గ్యాసని కాలహరణము చేయకుడు.

సోదరీసోదరులారా! వైద్యుని యొద్దకు పోవునప్పుడు ‘గ్యాసు’ అను మాటను ఇంటియొద్దనే విడిచిపొండు. దగ్గు ఏ వేళ వచ్చును, తినిన తరువాతనా పరుండిన తరువాతనా, సెలవునాడు తగ్గునా, ఏ విభాగమున ఎన్ని యేండ్లు పనిచేసితిరి—ఈ నాలుగును తెలుగుననో తమిళముననో విడమరచి చెప్పుడు. ఏ భాషనైనను సరే, నిజము చెప్పినచో చాలును. మిల్లు నడుపువారిని మనము కోరునది దయ కాదు: ధూళిని పీల్చివేయు యంత్రములు సరిగా పనిచేయవలెను, ఏటేట ప్రతి కార్మికునికిని ఊపిరి పరీక్ష జరుగవలెను, ఆ ఫలితమును వాని చేతికే ఈయవలెను. నాకు ఆ కాగితము పదేండ్లు ముందుగా చేతికి వచ్చియుండినచో, పోయిన సగము ఊపిరిలో కొంతయైనను నేడు నాకు మిగిలియుండెడిది.