నివ్ఖ్ చుట్టరికం: పోలిక చాలదు

సఖాలిన్ దీవిలోను, ఆమూర్ నదీముఖ ప్రాంతంలోను వ్యవహారంలో ఉన్న నివ్ఖ్ ఏకాకి భాషగా ప్రసిద్ధం. ఈశాన్య సైబీరియాలోని చుకోట్కో-కామ్చత్కా కుటుంబంతో దానికి జ్ఞాతిత్వం ఉన్నదని మైకేల్ ఫోర్టెస్క్యూ 2011లో వాదించారు. దీనిని సిద్ధాంతంగా స్వీకరించడం తొందరపాటు.

నివ్ఖ్‌లో అచ్చులు లోపించి పదాలు కుంచించుకుపోయాయి; పదాది స్పర్శాలు సందర్భాన్ని బట్టి ఊష్మాలవుతాయి. పోల్చేవారు అనువైన రూపాన్ని ఎంచుకోగలిగితే, ఇంత పొట్టి పదాలకు ఏ భాషలోనైనా జోడీ దొరుకుతుంది. తెలుగు చెవి, చెఱువులను కన్నడ కివి, కెఱెలతో ముడివేసేది పైపై సామ్యం కాదు. తాలవ్యాచ్చుకు ముందున్న కకారం తెలుగులో చకారమైందనే నియమం. ఫోర్టెస్క్యూ కూడ ధ్వన్యనుగుణ్యతలను చూపారు. అయితే ప్రతి నియమానికీ చాలినన్ని ఉదాహరణలుండాలి, ఎరువుమాటలను వేరుచేయాలి, ప్రత్యయాలలోని అపవాదాలు సైతం సరిపోలాలి. ఇటెల్మెన్‌కు చుకోట్కా శాఖతో గల జ్ఞాతిత్వాన్నే కొందరు శంకించారు. అట్టి పునాదిపై మరొక అంతస్తు లేపడం సాహసమే.

నివ్ఖ్ వ్యవహర్తలు నానాటికి తరిగిపోతున్నారు. మూలరూపాల ఊహకంటె ముందు వారి నోటి పదాలను, రూపాలను సేకరించడం అవసరం. లేనిపక్షంలో ఈ వాదాన్ని స్థాపించడానికైనా ఖండించడానికైనా సామగ్రి మిగలదు.