టైరు పుట్టిన తేదీ చూపించి అమ్మండి, చూసి కొనండి

బండి నడిపే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ, టైర్ల షాపుల యజమానులకూ, మెకానిక్కులకూ, రవాణా శాఖ అధికారులకూ విన్నపం.

టైర్ల షాపు ముందు బండి ఆపగానే మనల్ని అడిగేవి మూడే ప్రశ్నలు. ఏ బండి? ముందుదా, వెనకదా? ఎంతలో కావాలి? ఆ మూడింటికీ జవాబు చెప్పేసి పక్కనున్న టీకొట్టు దగ్గర నిలబడతాం. తిరిగొచ్చేసరికి టైరు ఎక్కేసి ఉంటుంది. అది ఏ సంవత్సరంలో తయారైందో, ఎంత బరువు మోస్తుందో షాపువాళ్ళు చెప్పరు, మనం అడగం. బిల్లంటూ ఇస్తే దాని మీద "టైరు 1" అని, కింద ధర. అంతే.

ఈ పద్ధతి మారాలి. టూవీలర్ టైరు అమ్మే ప్రతి షాపూ ఆ టైరు సైజు, అది మోసే బరువు అంకె, తయారైన వారం, సంవత్సరం కొనేవాళ్ళకు చూపించి, వాటినే బిల్లు మీద రాసి ఇవ్వాలి. అలా రాసివ్వని చోట మనం కొనకూడదు. దీనికోసం కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆ వివరాలన్నీ కంపెనీవాళ్ళు టైరు మీద ముందే అచ్చుపోసి పంపుతున్నారు. వాటిని చదివి వినిపించే అలవాటు ఒక్కటే మన బజారులో లేదు.

తడిగుడ్డతో టైరు పక్క భాగం తుడిచి చూడండి. పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు ఉంటుంది, దాని దగ్గర్లో 100/90-17 55P అనో, 80/100-18 47P అనో కనబడుతుంది. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. గీత తర్వాతది ఆ వెడల్పులో టైరు ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. 17, 18 అన్నవి రిమ్ము కొలత, అంగుళాల్లో. ఇంతవరకూ షాపులో కుర్రాడికి కూడా తెలుసు. చివర ఉన్న 55P, 47P దగ్గరే అందరం చూపు తిప్పేసుకుంటాం. అందులో అంకె, ఆ ఒక్క టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తు: 47 అంటే 175 కిలోలు, 54 అంటే 212, 55 అంటే 218. పక్కనున్న అక్షరం వేగం హద్దు. P అంటే గంటకు 150 కిలోమీటర్లు.

మన ఊళ్ళలో ఎక్కువగా తిరిగే వంద సీసీ బళ్ళ సైజు 80/100-18. ఇదే సైజులో 47 ఉన్న టైర్లూ దొరుకుతాయి, 54 ఉన్నవీ దొరుకుతాయి. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే రెండింటికీ తేడా తెలియదు. ఏది చేతికందితే అది ఎక్కిస్తున్నారు. ఇప్పుడు తెల్లవారుజామున పాలు పోయడానికి వెళ్ళే మనిషి బండి లెక్క చూద్దాం. బండి బరువు నూటపది కిలోల పైచిలుకు, అందులో సగానికి కాస్త ఎక్కువే, అంటే దాదాపు అరవై, వెనక చక్రం మీద పడుతుంది. నడిపే మనిషి డెబ్భై కిలోలుంటే అందులో నలభై అయిదు దాకా వెనక్కే వస్తుంది. అటూ ఇటూ వేలాడే రెండు నలభై లీటర్ల క్యాన్లు నిండుగా ఉంటే మరో తొంభై. మొత్తం 195 కిలోలు. 175 మోసే టైరు మీద రోజూ 195 వేసి గతుకుల రోడ్డు మీద పరిగెత్తిస్తున్నాం. బండి మీద అంత బరువు వేయడమే తప్పని కంపెనీ పుస్తకం చెబుతుంది, అది నిజం కూడా. కానీ పొద్దున పాలు పోయకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ మనిషికి కనీసం ఏ టైరు మీద కూర్చున్నాడో తెలియాలి. బండితోపాటు కంపెనీ వేసి ఇచ్చిన టైరు మీద ఏ అంకె ఉందో, కొత్తగా వేయించే దాని మీద అంతకంటే తక్కువ ఉండకూడదు. ఇంకో మాట: టైరులో సరిపడా గాలి ఉన్నప్పుడే ఆ అంకె నిజం. బండి మీద అంటించిన స్టిక్కరులోనో, పుస్తకంలోనో ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. పెట్రోలు బంకులో గాలికి డబ్బు ఇవ్వక్కర్లేదు.

ఇక తయారీ తేదీ. టైరు పక్కన ఒక పొడుగుపాటి గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. 1825 అని ఉంటే 2025లో పద్దెనిమిదో వారం, అంటే ఏప్రిల్ చివర తయారైందని. ఇది చాలా టైర్లకు ఒక పక్కే ఉంటుంది. చక్రం ఎక్కించాక అది చైను వైపు పడితే వంగి, వేలితో తడిమి వెతుక్కోవాలి. అందుకే రిమ్ముకు ఎక్కించకముందే చూడమంటున్నాం.

ఎందుకింత పట్టుదల అంటే, రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలి, ఎండ, వేడి దాన్ని గట్టిపరుస్తాయి. మెత్తగా రోడ్డును పట్టుకోవాల్సిన రబ్బరు బిరుసెక్కుతుంది, గాడుల అడుగున సన్నటి పగుళ్ళు వస్తాయి. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవాళ్ళకు వేరే చెప్పాలా? మన షాపుల్లో టైర్లు ఎక్కడుంటాయో గమనించండి. రేకుల షెడ్డు కింద, లేదా కనబడాలని షాపు ముందు కొక్కేనికి, నడినెత్తిన ఎండలో. అలా రెండు మూడు వేసవులు చూసిన టైరుకు గాడులు నిండుగానే ఉంటాయి, నలుపు పాలిష్ కొడితే నిగనిగలాడుతుంది. దాన్ని కొత్తదన్న ధరకే మనకు అంటగడతారు. అయిదేళ్ళు దాటిన టైరును ఏటేటా పరీక్ష చేయించాలనీ, గాడులు ఎంత ఉన్నా పదేళ్ళు దాటితే తీసేయాలనీ టైర్ల కంపెనీలే చెబుతున్నాయి. ఆ అయిదేళ్ళలో రెండు మూడు షాపులోనే గడిచిపోతే మన డబ్బుకు వచ్చింది మిగతా రెండు మూడే. మా మాట వింటే, తయారై ఏడాదిన్నర దాటిన టైరును పూర్తి ధరకు కొనవద్దు.

ఇంతకంటే ఘోరం ఇంకొకటి జరుగుతోంది. దీని మీద కాస్త ఎక్కువే రాయక తప్పదు. అరిగి గుండైపోయిన టైరును తెచ్చి, వేడి చేసిన కత్తితో కొత్త గాడులు కోసి, నలుపు పూసి, కొత్తదాని ధరలో సగం కంటే తక్కువకు అమ్ముతున్నారు. కొనేది ఎవరు? కూలికి వెళ్ళేవాళ్ళు, డెలివరీ కుర్రాళ్ళు, నెలాఖరున టైరు పేలినవాళ్ళు. టైరు పైన రబ్బరు, దాని కింద నైలాన్ దారాల పొర ఉంటుంది. అరిగిన టైరులో ఆ దారాల మీద మిగిలేది కొద్దిపాటి రబ్బరే. ఆ కొద్దిలోనే మళ్ళీ గాడి కోస్తే కత్తి దారాల దాకా వెళుతుంది. వేసవిలో, నిండు బరువుతో, హైవే మీద అది ఎక్కడ విచ్చుకుంటుందో ఎవరూ చెప్పలేరు. గుర్తుపట్టడం కష్టం కాదు. అసలు టైరులో గాడి అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు కట్టలు ఉంటాయి. టైరు అంచున చిన్న త్రికోణం గుర్తో, TWI అన్న అక్షరాలో ఎక్కడ ఉంటే దానికి నేరుగా లోపల ఆ కట్ట కనిపిస్తుంది. అరుగుదల హద్దు చూపే కట్ట అది. కత్తితో కోసిన గాడిలో ఆ కట్ట ఉండదు, లేదా తెగిపోయి ఉంటుంది. గాడి అడుగు గోటికి గరగరలాడుతుంది, అంచులు వంకరటింకరగా ఉంటాయి. చేత్తో రుద్దితే అరచేతికి నలుపు అంటుతుంది. ఇలాంటి టైరు టూవీలరుకు అమ్మడం ఆగిపోవాలి. కోసే చేతులకూ మా విన్నపం ఇదే: ఆ పని మానేయండి. పంక్చర్ పని, గాలి పని, టైరు మార్చే పని మీకు ఎప్పుడూ ఉంటుంది. మీ దగ్గరికి వచ్చే మనుషులు మీ వీధివాళ్ళే.

మరో అలవాటు. వెనక టైరుకు చైను లాగుడు, బరువు రెండూ ఉంటాయి కాబట్టి అదే ముందు అరుగుతుంది. దాంతో కొత్తది వెనక వేయించి, ముందుదాన్ని అలాగే వదిలేస్తాం. కొందరైతే వెనక వాడిన టైరునే తీసి ముందుకు ఎక్కిస్తారు. బ్రేకు వేయగానే బండి బరువంతా ముందుకు ఒరుగుతుంది, ఆపే పని ఎక్కువగా ముందు చక్రమే చేస్తుంది. వెనక చక్రం జారితే సర్దుకునే అవకాశం కొంతైనా ఉంటుంది, ముందుది జారితే ఆ క్షణంలోనే కింద పడతాం. టైరు రోడ్డును తాకేది అరచెయ్యంత మేర. తొలకరి రోజున రోడ్డు మీది ఆయిలూ దుమ్మూ నీళ్ళూ కలిసి పైకి తేలినప్పుడు ఆ అరచెయ్యంత చోటి నుంచి నీళ్ళను పక్కకు నెట్టేవి గాడులే. శ్రీశైలం ఘాట్ మలుపుల్లో చినుకులు పడుతుండగా బ్రేకు పట్టినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. 2019 నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకుపోకుండా చూస్తుంది తప్ప, లేని పట్టును తెచ్చిపెట్టదు. ముందు టైరుకు ముందు వేసే రకమే వేయించండి. పక్కన బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే దిశ, బాణం చూపే దిశ ఒకటేనా అని మెకానిక్కును అడగండి.

వెడల్పాటి టైరు మోజు గురించి యువకులకు ఒక్క మాట. వంద వెడల్పు ఉండాల్సిన చోట 130 వేయిస్తే బండి గంభీరంగా కనబడుతుంది, కాదనం. కానీ సన్న రిమ్ము దాని అంచుల్ని లోపలికి నొక్కుతుంది, మధ్యభాగం పైకి లేచి, తిన్నగా వెళ్ళేటప్పుడు రోడ్డును తాకే మేర అనుకున్నట్టు ఉండదు. టైరు చైను కవరుకు రాసుకుంటుంది, మైలేజీ పడిపోతుంది. కంపెనీ చెప్పిన సైజే వేయించండి. ట్యూబ్‌లెస్ టైరు ఉన్న అల్లాయ్ చక్రానికి రిమ్ము దగ్గర గాలి పోతోందని ట్యూబు వేయించడమూ మంచి వైద్యం కాదు. రిమ్ము బాగుచేయించండి. కొత్త టైరు ఎక్కించాక మొదటి నూరు నూటయాభై కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్ళండి, కొత్త రబ్బరు పైపొర నున్నగా జారుతుంది.

ఇప్పుడు అధికారులకు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 94వ నియమం టైర్ల గురించే. టూవీలరుకు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని అందులో ఉంది. దారాల పొర బయటపడినా, టైరు ఉబ్బినా అది రోడ్డుకు పనికిరాదని కూడా ఉంది. కానీ చూసేదెవరు? సొంత మోటారుసైకిలుకు రిజిస్ట్రేషన్ అయిన పదిహేనేళ్ళ దాకా ఫిట్‌నెస్ పరీక్ష లేదు. ఈలోగా ఎన్ని జతల టైర్లు మారినా ఏ అధికారీ వాటిని చూడరు. అయితే అదే బండి పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం ఏడాదికోసారో ఆర్నెల్లకోసారో పరీక్ష కేంద్రానికి వస్తూనే ఉంది. పొగ గొట్టంలో గొట్టం పెట్టే మనిషికి పక్కనే ఉన్న చక్రం వైపు చూడటానికి నిమిషం పడుతుంది. కట్ట దాకా అరిగిందా, పగుళ్ళున్నాయా, తేదీ ఎంత అన్నది సర్టిఫికెట్‌తోపాటు ఒక చీటీ మీద రాసివ్వమని రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలనూ కోరుతున్నాం. మొదటి ఏడాది జరిమానా వద్దు, హెచ్చరిక చాలు.

పోలీసు శాఖకూ ఒక మనవి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వారిలో 44.5 శాతం టూవీలర్ల మీద వెళుతున్నవాళ్ళే. ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్‌లో సాధారణంగా పడేది "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అన్న మాట. ఆ బండి టైర్లు ఎలా ఉన్నాయో, ఏ సంవత్సరానివో కూడా పంచనామాలో రాయండి. అవి రాస్తేనే లోపం ఎక్కడుందో లెక్క తేలుతుంది.

డెలివరీ కంపెనీలు ప్రతి ఆర్డరుకూ నిమిషాలు లెక్కపెడుతున్నాయి, కుర్రాళ్ళు అరిగించే రబ్బరు లెక్క మాత్రం వాళ్ళ జేబుకే వదిలేస్తున్నాయి. కిలోమీటర్లను బట్టి టైరు ఖర్చు కంపెనీలే ఇవ్వాలి, వానాకాలానికి ముందు ఇవ్వాలి.

షాపుల యజమానులు ఒక ప్రశ్న అడుగుతారని తెలుసు. పాత స్టాకు ఎవరు కొంటారు, ఆ నష్టం ఎవరిది? న్యాయమైన ప్రశ్నే. తేదీ రాసి, ధర తగ్గించి, కొనేవాళ్ళకు చెప్పి అమ్మండి. కొంటారు. ఒక నిర్ణీత కాలం దాటిన సరుకును కంపెనీలూ డిస్ట్రిబ్యూటర్లూ వెనక్కి తీసుకోవాలి, ఆ భారం చిన్న షాపు మీద పడకూడదు. ఈ మాట మీరు అడిగిన రోజు మేమూ మీ పక్షాన నిలబడతాం. సదాశివపేటలో టైర్ల కర్మాగారం ఉంది, మన రేవుల మీదుగా టైర్లు విదేశాలకు వెళుతున్నాయి. తయారయ్యే నేల మీదే జనం పాతబడిన టైర్లు కొనాల్సిన అవసరం ఏమిటి? 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు బిల్లులో కనబడాలి. కనబడాలంటే బిల్లు ఉండాలి. ఐఎస్ఐ గుర్తు లేని కొత్త టైరును చట్టప్రకారం అమ్మనే కూడదు. ఆ గుర్తు దగ్గర IS 15627 అన్న సంఖ్య ఉందేమో చూడండి. కోసిన టైరును కొత్తదని అమ్మినా, బిల్లు ఇవ్వకపోయినా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయండి.

ఈ పద్ధతికి ఒప్పుకున్న షాపువాళ్ళు తమ బోర్డు కింద "తేదీ చూపించి, బిల్లు మీద రాసి టైర్లు అమ్ముతాం" అని ఒక వరుస రాయించండి. ఆ వరుస ఏ షాపు ముందు కనిపిస్తే మా బళ్ళు, మా ఇంటివాళ్ళ బళ్ళు, మా చుట్టాల బళ్ళు అక్కడికే తెస్తాం. రెండు వందలు ఎక్కువైనా సరే.