పంటకాపు తుపాకియు సేఫ్టీ మీటయు

కైరుప్పల మొదలు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములవఱకు వేరుశనగ, కంది, శనగ చేలకు అడవిపందులవలనను జింకలవలనను గలుగు బాధను రైతు సోదరులకు మేము వేఱుగా చెప్పవలసిన పనిలేదు. మంచెపై రాత్రులు గడపువారిలో లైసెన్సు తుపాకి గలవారును కొందఱుందురు. 1959 నాటి ఆయుధముల చట్టము నిజమైన పంటకాపుకొఱకు మూతినుండి మందు దట్టు తుపాకికి లైసెన్సు నొసగ వీలు కల్పించినది. ఆ తుపాకి పంటను కాచుటకు మాఱు ఇంటివారి ప్రాణమునకే ముప్పు తేకుండవలెననునదే మా విన్నపము.

“సేఫ్టీ వేసియున్నది, భయమేల?” అను మాట తఱచుగా వినబడును. ఆ మీట చేయు పని యేమి? పన్నెండు బోరు తుపాకులు పెక్కింటిలో అది ట్రిగ్గరును మాత్రమే కదలనీయదు. లోపలి సుత్తి బిగిసియే యుండును. తుపాకి క్రిందపడి గట్టి దెబ్బ తగిలినను, లోని కొక్కెము అరిగియున్నను, సుత్తి జాఱి తూటా పేలవచ్చును. 1898 నాటి మౌజరు రైఫిలులో మీట తూటాను కొట్టు సూదినే పట్టియుంచును. ఇది మేలైన ఏర్పాటు. అయినను దుమ్మును తుప్పును ఏ యినుమును విడువవు. 2014లో అమెరికాయందలి రెమింగ్టను కంపెనీ, ట్రిగ్గరు నొక్కకయే పేలవచ్చునను కారణమున, తాను చేసిన 700 మాదిరి రైఫిళ్లను కొన్నింటిని వెనుకకు రప్పించుకొనవలసి వచ్చినది.

మందు దట్టు తుపాకిలో ఇట్టి మీటయే సాధారణముగా నుండదు. సుత్తిని సగమువఱకు లాగి నిలుపు గంటు ఒక్కటియే దిక్కు. అది అరిగినచో సుత్తి తనంత తానే పడును. పైగా తూటా తుపాకినుండి క్షణములో తూటా తీయవచ్చును. ఇందు దట్టిన మందు అంత సులభముగా రాదు. కావున మంచె దిగుటకు ముందే క్యాపును తీసివేయవలెను. తీసిన తరువాతను లోపల మందు గలదని మఱువరాదు. అట్టి తుపాకిని ఇంటిలోనికి తేరాదు.

“తూటా తీసియుంచినచో పంది వచ్చువేళకు ఆలస్యమగును” అని కొంద ఱందురు. ఆ క్షణకాలమున పోవునది నాలుగు కంది మొక్కలు. పిల్లవాడు గోడకు ఆనించిన తుపాకిని ముట్టినచో పోవునది తిరిగి రాదు. అదిగాక, తుపాకి లైసెన్సు వేట లైసెన్సు గాదు. కృష్ణజింకను చంపినవారికి 1972 నాటి వన్యప్రాణి చట్టము క్రింద మూడు మొదలు ఏడేండ్లవఱకు కారాగారము గలదు. అటవీశాఖ అనుమతి లేక పందిని కాల్చుటయు నేరమే.

ఉగాది మఱునాడు కైరుప్పలలో పిడకల సమరమున తగిలిన దెబ్బకు విభూతి పూసికొని ఇరుపక్షములవారును కలిసిపోవుదురు. గుండు దెబ్బకు అట్టి విభూతి లేదు.

కావున సంఘములవారు వేరుశనగ కాయ గట్టిపడకమునుపే ఒక దినము నిర్ణయించి, లైసెన్సు గల మరమ్మతుదారుచే సభ్యుల తుపాకులను పరీక్ష చేయింపవలెనని కోరుచున్నాము. సేఫ్టీ మీట రెండవ కావలి మాత్రమే. మొదటి కావలి ఖాళీ గొట్టము.