చెవికి ముందు, నాలుకకు తర్వాత

జపాన్ వీధుల్లో వాహనాలను ఆపే బోర్డు ఎర్రగా, తలకిందులైన త్రికోణంలా ఉంటుంది. దాని మీద రాసి ఉండే మాట 'తొమరె'. అంటే 'ఆగు'. 'దయచేసి ఆగండి' కాదు, 'ఆగండి' కూడా కాదు. కర్మాగారాల్లో యంత్రాల మీద అంటించే హెచ్చరిక 'సవరు న', అంటే 'ముట్టుకోకు'. మన దగ్గర జపనీస్ నేర్చుకునేవాళ్లకు మొదటి రోజు నుంచీ అలవాటు చేసేది మాత్రం 'దెసు', 'మసు'లతో ముగిసే మర్యాద వాక్యాలు, 'కుదసాయ్' చేర్చిన అభ్యర్థనలు. చాలా దేశాల తరగతి గదుల్లో వాడే 'మిన్నా నొ నిహోంగొ' పాఠ్యపుస్తకంలో స్నేహితులు మాట్లాడుకునే తీరు 20వ పాఠంలో గానీ రాదు. 'ఆగు', 'ముట్టుకోకు' లాంటి రూపాలు కనబడాలంటే 33వ పాఠం దాకా, అంటే రెండో పుస్తకం దాకా పోవాలి. ఒక్క పుస్తకంతో జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ప్రాథమిక స్థాయి ఎన్5 రాసి, భాషా పాఠశాలలో చేరడానికి విమానం ఎక్కే విద్యార్థికి ఈ రూపాలు విమానాశ్రయం బయటే మొదటిసారి ఎదురవుతాయి. ఈ క్రమం తప్పు. ఇళ్లలో, వంటగదుల్లో, పనిస్థలాల్లో మాట్లాడే జపనీస్‌ను మొదటి వారం నుంచే విద్యార్థి చెవిన వేయాలి. దాన్ని సొంతంగా మాట్లాడటం మాత్రం నెమ్మదిగా, తర్వాత రావాలి.

ఇది భాషా ప్రియుల ముచ్చట అయితే పత్రికలో ఇంత చోటు అక్కర్లేదు. ఐదేళ్లలో రెండు దేశాల మధ్య 5 లక్షల మందికి పైగా రాకపోకలు సాగించాలని 2025 ఆగస్టులో భారత్, జపాన్ ఒక ప్రణాళిక ప్రకటించాయి. అందులో 50,000 మంది భారత్ నుంచి వెళ్లే నైపుణ్యం గల పనివాళ్లు, నిపుణులు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జపాన్ ఉద్యోగాల కోసం యువతకు భాష నేర్పించి పంపుతోంది. 2019 ఏప్రిల్‌లో జపాన్ తెచ్చిన నిర్దిష్ట నైపుణ్య వీసాకు సాధారణంగా రెండు గడపలు దాటాలి: ఆ పనిలో నైపుణ్య పరీక్ష ఒకటి, జేఎల్‌పీటీలో ఎన్5కు పై మెట్టైన ఎన్4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ అనే భాషా పరీక్ష గానీ మరొకటి. వృద్ధుల సంరక్షణకు వెళ్లేవాళ్లకు ఆ పనికి సంబంధించిన భాషా పరీక్ష అదనం. 1984లో మొదలైన జేఎల్‌పీటీలో నేటికీ నోరు తెరిచి మాట్లాడే భాగం లేదు. ఇచ్చిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవడమే. పరీక్షలో లేనిది తరగతిలో ఉండదన్నది మన కోచింగ్ కేంద్రాల పాత సూత్రం. ఎంసెట్ అయినా ఎన్4 అయినా అది మారదు. అలా మామూలు మాట సిలబస్‌కు అవతల మిగిలిపోయింది.

దీనికి తోడు ఒక గందరగోళం ఉంది. మర్యాద గుర్తులు లేని జపనీస్ అంతటినీ 'స్లాంగ్' అనే ఒకే గంపలో వేసేస్తున్నారు. కుర్రకారు ఇంటర్నెట్‌లో వాడి పారేసే మాటలు, తల్లి బిడ్డతో మాట్లాడే భాష, మేస్త్రీ కూలీకి పని చెప్పే భాష ఒకటి కావు. జపనీస్ నిఘంటువు తెరిస్తే క్రియలు కనిపించేదే ఈ మామూలు రూపంలో. 'తినడం' అన్నది 'తబెరు' అనే ఉంటుంది, 'తబెమసు' అని ఉండదు. సంక్లిష్ట వాక్యాల లోపలి ముక్కలు కూడా, బయట ఎంత మర్యాద ఉన్నా, ఎక్కువగా ఈ రూపంలోనే నడుస్తాయి. కాబట్టి ఇది భాషకు పునాది. దీని మీద కుదింపులు వస్తాయి. 'తె ఇరు' అన్నది 'తెరు' అవుతుంది, 'తె షిమవు' అన్నది 'చౌ' అవుతుంది, 'తె ఒకు' అన్నది 'తొకు' అవుతుంది, 'వకరనాయ్' కాస్తా 'వకన్నాయ్' అవుతుంది. 'ముందే చేసి ఉంచండి' అని చెప్పడానికి 'యత్తె ఒయితె కుదసాయ్' అని నేర్చుకున్న కుర్రాడికి, వంటగదిలో పెద్ద వంటవాడు 'యత్తొయితె' అని వెళ్లిపోతే తనకు పని అప్పగించినట్టే తెలియదు. ఈ కుదింపులు ఫ్యాషన్లు కావు. ప్రతిదానికీ నియమం ఉంది, వయసుతో పని లేకుండా అందరి నోటా ఉన్నాయి. అన్నీ కలిపి ఒక వారం పాఠం, అంతే. గంపలో అసలైన స్లాంగ్ అనదగ్గది మిగిలిన పిడికెడే.

ఆ పిడికెడులోనూ కొన్ని స్థిరపడిపోయాయి. 'యబాయ్' అన్నది దొంగలు, చిల్లర వ్యాపారులు 'ప్రమాదం' అనే అర్థంలో వాడుకున్న గుట్టు మాట అంటారు. ఇప్పుడు అదే 'అద్భుతం' కూడా. జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ ఏటా జరిపే భాషా సర్వేలో, 2014-15లో, 16-19 ఏళ్ల వాళ్లలో నూటికి 90 మందికి పైగా ఆ పొగడ్త అర్థంలో వాడుతున్నామన్నారు. పెద్దవాళ్లలో ఆ వాడుక బాగా తక్కువ. మాట ఒకటే, చెప్పేవాళ్ల వయసును బట్టి మెప్పో ముప్పో తేల్చుకోవాలి. 'దైజోబు' సంగతి ఇంకా చిక్కు. 'ఫరవాలేదు' అని పుస్తకం చెబుతుంది. 2020 జూలై నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకోవడం తప్పనిసరి అయ్యాక, జపాన్ దుకాణాల్లో సంచి కావాలా అని అడగడం మామూలైంది. 'దైజోబు దెసు' అని జవాబు వస్తే 'వద్దు' అని అర్థం. చదువుకుంటూ వారానికి 28 గంటల దాకా పని చేసుకునే మన విద్యార్థులు చాలామంది నిలబడేది ఆ కౌంటర్ల వెనకే.

వృద్ధాశ్రమంలో పరిస్థితి దుకాణం లాంటిది కాదు. అక్కడ తప్పు వింటే పోయేది సంచి డబ్బులు కాదు. పాఠంలో 'అవును' అంటే 'హై', 'కాదు' అంటే 'ఇయ్యె'. మంచం మీదున్న ముసలావిడ ఆ రెండూ అనకపోవచ్చు. నొప్పిగా ఉందా అంటే 'ఉన్' అంటుంది, లేదా 'ఉఉన్' అంటుంది. మొదటిది అవును, రెండోది కాదు. తేడా అంతా కాస్త సాగదీయడంలో, స్వరం దిగి ఎక్కడంలో ఉంది. కాగితం మీద నేర్పగలిగేది కాదిది, పదేపదే వినాల్సిందే. నొప్పి ఎలాంటిదో చెప్పడానికి వాళ్లు వాడే జంట మాటలు మరో లోకం: సలుపుతుంటే 'జుకిజుకి', సూదుల్లా గుచ్చుతుంటే 'చికుచికు', చర్మం మండుతుంటే 'హిరిహిరి', కడుపులో మెలిపెడుతుంటే 'కిరికిరి', వికారంగా ఉంటే 'ముకముక'. 'చురుక్కుమంది', 'జివ్వుమంది' అని నొప్పి చెప్పుకునే తెలుగువాళ్లకు ఇలాంటి మాటలు వింత కాకూడదు. కానీ ఎన్4 పదాల జాబితాలు వల్లెవేసినవాళ్లకు ఇవి తగలవు. వీటికి తోడు ప్రాంతాల యాసలు. టోక్యో ప్రమాణ భాషలో 'కొవాయ్' అంటే భయం. హొక్కయిదోలో, తొహొకులో పెద్దవాళ్లు 'ఒంట్లో బాగాలేదు, నీరసంగా ఉంది' అనడానికీ అదే మాట. 'ఎరాయ్' అంటే పుస్తకంలో గొప్ప, నగోయా వైపు అలసట. 'నవొసు' అంటే బాగుచేయడం అని నేర్చుకుని ఒసాకా వెళితే, అక్కడ దాన్ని 'తీసి లోపల పెట్టు' అనే అర్థంలో వాడతారు. వృద్ధాశ్రమాల్లో ఉండేది సరిగ్గా యాసను వదులుకోని తరమే. ఏ జిల్లాకు వెళుతున్నారో ముందే తెలిసిన అభ్యర్థులకు ఆ జిల్లా యాసలో ఒక యాభై మాటలు వినిపించడానికి ఎంత ఖర్చవుతుంది?

ఈ వాదనకు ఉపాధ్యాయులు చెప్పే మొదటి అభ్యంతరం మర్యాద గురించి. మామూలు భాష ముందే అలవాటైతే మేనేజర్‌తో కూడా అలాగే మాట్లాడి ఉద్యోగం పాడుచేసుకుంటారని వాళ్ల భయం. ఈడువాళ్ల మధ్య భాషను 'తమెగుచి' అంటారు. దాన్ని పై అధికారి దగ్గర వాడితే జపాన్‌లో క్షమించరన్న మాట నిజం. చేసిన పనికి మెచ్చుకోలుగా 'గొకురోసమ' అనడం పైవాళ్లు కిందివాళ్లతో చేసేదే. అదే మాట కిందివాళ్లు పైవాళ్లతో అంటే తప్పు పట్టేవాళ్లు ఎందరో. భయం సరైనదే, మందు మాత్రం తప్పు. తరగతి మాట్లాడనన్న విషయాన్ని అనిమే మాట్లాడుతుంది. కుర్రాళ్లు 'నేను'కు 'ఒరె', 'నువ్వు'కు 'ఒమయె', 'కిసమ' నేర్చుకునేది అక్కడే. పోట్లాటల్లో విసురుకునే 'నువ్వు'లను వాళ్లు మామూలు 'నువ్వు' అనుకుంటున్నారు. మామూలు జపాన్‌వాడు ఎదుటి మనిషిని పేరుకు 'సన్' చేర్చి పిలుస్తాడే తప్ప సర్వనామం వాడటానికే వెనకాడతాడు. కథల్లో ముసలి పండితుడు, రాకుమారి, రౌడీ మాట్లాడే కల్పిత భాషకు భాషా శాస్త్రవేత్త కిన్‌సుయి సతొషి 'యకువరిగొ', అంటే పాత్రల భాష, అని పేరు పెట్టారు. నిజమైన ఇంటి భాష ఏదో, పాత్రల భాష ఏదో విడదీసి చెప్పాల్సింది ఉపాధ్యాయుడు. ఆయన మౌనంగా ఉంటే ఆ పని ఎవరూ చేయరు. పైగా మన పిల్లలకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. పెద్దాయన 'నువ్వు' అంటే మనం 'మీరు' అని జవాబు చెప్పడం తెలుగు ఇళ్లలో మాటలు వచ్చినప్పటి నుంచీ అలవాటే. మామూలు భాషలో విని, మర్యాద భాషలో బదులివ్వడం అన్న పని జపనీస్‌లో సరిగ్గా అదే. అభ్యాసాలు ఆ పద్ధతిలోనే ఉండాలి: మేస్త్రీ 'తొత్తె' (అందించు) అన్నాక విద్యార్థి 'హై, వకరిమషిత' (సరే, అర్థమైందండి) అనాలి.

మాటలు నాలుగు రోజుల్లో పాతబడతాయి, నేర్చుకుని లాభమేమిటని మరికొందరు అడుగుతారు. కొన్నింటి విషయంలో అది నిజమే. 1996లో కుర్ర అమ్మాయిల నోట మోగి, ఆ ఏటి కొత్తమాటల అవార్డుల దాకా వెళ్లిన 'చోబెరిబ'ను ఇప్పుడు వాడితే నవ్వులాటే. అలాంటి వాటిని వదిలేయడమే మేలు. రీల్స్‌లో 'ఈ వారం పది జపాన్ స్లాంగ్ మాటలు' అని అమ్ముతున్న సరుకులో చాలాభాగం ఆ బాపతే. కానీ నిన్నటి తప్పు ఇవాళ్టి భాష అయిన సందర్భాలూ ఉన్నాయి. 'చూడగలిగాను' అనడానికి వ్యాకరణం ఒప్పుకునే రూపం 'మిరరెత'. జనం నోట అది 'మిరెత' అయింది. 2015-16 సర్వేలో కుదించిన రూపం వాడేవాళ్లు 48.4 శాతం, పుస్తక రూపం వాడేవాళ్లు 44.6 శాతం. ఈ మాట విషయంలో జనం పుస్తకాన్ని దాటడం ఆ సర్వేల్లో అదే మొదటిసారి. గిడుగు వారి పోరాటం ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ తగువు కొత్తేమీ కాదు. జపాన్‌లో కూడా ఫుతబతెయి షిమెయి 1887లో 'ఉకిగుమొ' నవలతో వాడుక భాషను సాహిత్యంలోకి తెచ్చే దారి వేశాడు.

అక్కడికి వెళ్లాక అదే వస్తుందిలే అన్నది అందరికీ సుఖమైన వాదన. వస్తుంది, కొందరికి. పనిస్థలంలో జపాన్ సహోద్యోగులు విదేశీయుడితో నెమ్మదిగా, పుస్తక భాషలో మాట్లాడి, తమలో తాము అసలు భాషలో మాట్లాడుకుంటారు. సాయంత్రం వసతిగృహంలో తెలుగే. జపాన్‌వాళ్లే మనకోసం తేలిక భాషలో మాట్లాడతారులే అనుకోవడానికీ లేదు. 1995 కోబె భూకంపంలో సమాచారం అర్థం కాక విదేశీయులు పడ్డ ఇబ్బందులు చూశాక, తేలిక మాటలతో 'యసషీ నిహోంగొ' వాడే ఉద్యమం మొదలైంది. 2020లో ప్రభుత్వం దానికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అవి మున్సిపాలిటీ గుమస్తాకు పనికొస్తాయి. నొప్పితో మూలిగే రోగి వాటిని పాటించడు. క్రేన్ కింద నిలబడ్డవాడిని చూసి అరిచే మేస్త్రీ కూడా పాటించడు. 2024 జనవరి 1న నొతో ద్వీపకల్పాన్ని భూకంపం కుదిపినప్పుడు, ఎప్పుడూ నింపాదిగా చదివే ఎన్‌హెచ్‌కే వార్తల గొంతు ఒక్కసారిగా పెరిగింది, సునామీ వస్తోంది వెంటనే పారిపొమ్మని అరిచింది. ఆ అరుపుల్లో వినబడ్డ మాట 'నిగెరు కొతొ', అంటే 'పారిపోవాలి', వెనక 'కుదసాయ్' లేకుండా. అలవాటు కావడానికి ఏడాది పడుతుందనే లెక్క ఇలాంటి చోట పనికిరాదు. కొత్తగా దిగిన నెలల్లోనే ప్రమాదం ఎక్కువ.

పరీక్షకు టైమ్ చాలడం లేదన్న మాట ఒకటి మిగిలింది. పరీక్షలోని వినికిడి భాగంలో కూడా, స్థాయి పెరిగేకొద్దీ, స్నేహితులు, ఇంట్లోవాళ్లు మాట్లాడుకునే సంభాషణలు వస్తాయి. రోజూ పావుగంట మామూలు మాటలు విన్న విద్యార్థికి అక్కడ మార్కులు తగ్గవు, పెరుగుతాయి. కొత్త పుస్తకాలు రాయించక్కర్లేదు. ఉన్న పాఠంలోని ప్రతి సంభాషణనూ రెండోసారి మామూలు భాషలో చదివి వినిపిస్తే చాలు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే టామ్‌కామ్ ఈ పని ముందు మొదలుపెట్టాలి. సంరక్షణ పనికి పంపే ప్రతి బృందానికీ, వాళ్లు చేరబోయే జిల్లా యాసతో సహా, వినికిడి శిక్షణను తప్పనిసరి చేయాలి. ప్రైవేటు కేంద్రాలను అలా శాసించడం కుదరదు, వాటిని అడగాల్సింది ఫీజు కట్టే అభ్యర్థి, అతని తల్లిదండ్రులు. చేరే ముందు ఒక గంట తరగతిలో కూర్చుంటామని అడగండి. ఆ గంటలో 'దెసు', 'మసు' లేని వాక్యం ఒక్కటి కూడా వినబడకపోతే ఆ ఫీజు ఇంకోచోట కట్టండి.