ఆంగ్ల జాతీయాలు – మన విద్యార్థులు

పరీక్షలు సమీపించగానే మన విద్యార్థుల చేతులలో ఆంగ్ల జాతీయాల పట్టికలు ప్రత్యక్షమవుతాయి. ఎడమవైపు జాతీయం, కుడివైపు అర్థం. ఇరవయ్యో ముప్పయ్యో కంఠస్థం చేసి, సమాధాన పత్రంలో దించివేసి, వాటిని అక్కడే విడిచి వస్తారు. ఈ పద్ధతి వలన మార్కులు రావచ్చును గాని, భాష రాదని మా అభిప్రాయం.

తెలుగులో నుడికారమన్నా, ఉర్దూలో ముహావరా అన్నా, విడివిడి పదాల అర్థాలను కూడితే తేలని పలుకుబడియే జాతీయం. నీటినే తీసుకొందాం, గోదావరి కాలువల నడుమ నివసించే మనకు దానికి కొదవ లేదు. ధైర్యం సడలినవాడు తెలుగులో ‘నీరుగారిపోతాడు’. సిగ్గుతో కుంచించుకొనిపోయినవాడు ఉర్దూలో ‘పానీ పానీ’ అవుతాడు. చిక్కులలో పడినవాడు ఆంగ్లంలో ‘ఇన్ హాట్ వాటర్’ ఉంటాడు. మాటకు మాట పెట్టి మార్చబోతే మూడూ చెడిపోతాయి.

‘క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్’ అన్నది మరొకటి. ఉత్తర ఇంగ్లాండులో టైన్ నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం నుండి శతాబ్దాలపాటు లండనుకు ఓడలలో బొగ్గు వెళ్లినది. అక్కడికే బొగ్గు మోసుకొనిపోవడం వ్యర్థప్రయాస. దీనిని బట్టీ పట్టనక్కరలేదు. ఉర్దూ మాట్లాడే పెద్దలు ‘ఉల్టే బాన్స్ బరేలీ కో’ అంటారు. అనగా వెదుళ్లకు పేరుపడిన బరేలీకే వెదుళ్లు తరలించడం. కోనసీమకు కొబ్బరికాయల బస్తా మోసుకొనిపోయే వానిని చూచి మనం నవ్వే నవ్వూ అదే. ఆంగ్లేయులు అమ్మమ్మకు గ్రుడ్డు జుర్రుకోవడం నేర్పవద్దంటారు. మనం తాతకు దగ్గులు నేర్పవద్దంటాము.

అర్థం తెలిసినంత మాత్రాన చాలదు, సందర్భం తెలియాలి. ‘కిక్ ది బకెట్’ అనగా మరణించడమని పట్టిక చెబుతుంది. అది పరిహాసపు మాట అని మాత్రం చెప్పదు. ఆంగ్లం నుండి దిగుమతి అయిన మన ‘బాల్చీ తన్నేశాడు’ అన్న మాటను తలచుకొంటే, దానిని సంతాపలేఖలో వ్రాయడం ఎంతటి అపచారమో బోధపడుతుంది. ‘దివంగతులైనారు’ అనవలసిన చోట, ‘ఇంతకాల్ ఫర్మా గయే’ అనవలసిన చోట బాల్చీ ప్రసక్తి ఎవరు తెస్తారు? ఇక ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ను గైడులు ఎన్నటికీ వదలవు. ఆంగ్లేయులే దానిని నేడు అరుదుగా వాడతారు. కుండపోత వానకు ‘ఇట్స్ పోరింగ్’ అంటే చాలును.

మాతృభాష సాయం తీసుకొంటే ఆంగ్లం పాడవుతుందని వాదించేవారు లేకపోలేదు. మేము అంగీకరించలేము. ఉద్యోగరీత్యా కొంతకాలం రాజమండ్రిలో ఉన్న సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువును ప్రకటించి, తెలుగులో కలిసిపోయిన ఉర్దూ, పారసీ మొదలైన అన్యభాషా పదాలకై 1854లో వేరుగా మిశ్రభాషా నిఘంటువును వెలువరించాడు. ఆయన శ్రమించి సంపాదించిన భాషలు మన విద్యార్థులలో పలువురికి ఇంట ఒకటి, వీధిలో ఒకటిగా ఊరకే లభించాయి. అట్టివారిని ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘డోంట్ బీట్ అబౌట్ ది బుష్’ అని ఎవరైనా అన్నప్పుడు, ఏ పొద, ఎవరు కొట్టారని వారు తెల్లబోతే, ఆ లోపం తెలివిది కాదు. ‘డొంకతిరుగుడు’ అన్న మాట వారికి చిన్ననాటి నుండీ తెలిసినదే. ఆ రెండింటినీ జతపరచి చూపినవారు లేరు, అంతే. కుటుంబంలో మొదటిసారి కళాశాల గడప తొక్కిన వారికి ఈ తడబాటు వలన ఉద్యోగమే చేజారవచ్చును.

అందుచేత గ్రంథాలయపు వరండాలో ఒక నల్లబల్ల ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము. వారానికొక ఆంగ్ల జాతీయం వ్రాసి, ప్రక్కన తెలుగు, ఉర్దూ గడులను ఖాళీగా ఉంచితే వాటిని విద్యార్థులే పూరిస్తారు. దీనికి వ్యయం సుద్దముక్క పాటిది. మొదటి వారానికి ‘రెడ్ టేప్’ను సూచిస్తున్నాము. మా విన్నపం ఆ ఎర్రనాడాలో చిక్కుకొనక ముందే బల్ల రాగలదని ఆశ.